తెమడలో కనబడకపోతే క్షయ లేనట్లేనా?

మదరసాలలో హదీసు పాఠం చెప్పేటప్పుడు 'జాతుల్ జంబ్' అనే పదం ఎదురవుతుంది. ప్రక్కటెముకల భాగంలో పుట్టే తీవ్రమైన నొప్పికి అరబ్బులు పెట్టిన పేరది. ఇబ్నె సీనా (980-1037) రచించిన 'అల్ ఖానూన్'లోనూ, యూనానీ వైద్య గ్రంథాలలోనూ ఈ వ్యాధి ప్రస్తావన ఉంది. ఆనాటి వైద్యులు రోగి నాడిని, శ్వాసను, జ్వరాన్ని గమనించి దీనిని గుర్తించేవారు. అయితే ఆ నొప్పికి కారణం ఒక్కటి కాదు, అనేకం. మన దేశంలో, ముఖ్యంగా యువతీ యువకులలో, ఆ కారణాలలో ప్రధానమైనది క్షయ. పేరు తెలిసినంత మాత్రాన రోగ నిర్ధారణ జరిగినట్లు కాదు. ఈ ఒక్క విషయాన్ని పాఠకుల ముందుంచటమే ఈ వ్యాస ఉద్దేశం.

జబ్బు ఉండే చోటు

ఊపిరితిత్తులను కప్పుతూ ఒక పలుచని పొర, ఛాతీ గోడకు లోపలివైపు అంటుకొని మరొక పొర ఉంటాయి. వైద్యులు వీటిని 'ప్లూరా' అంటారు. ఊపిరి తీసి విడిచే ప్రతిసారీ ఈ రెండూ ఒరుసుకోకుండా వాటి మధ్య రెండు మూడు చెంచాల ద్రవం ఉంటుంది. క్షయ క్రిములు ఇక్కడికి చేరినప్పుడు శరీరంలోని రక్షణ వ్యవస్థ తీవ్రంగా ప్రతిఘటిస్తుంది. పొరలు వాచి, వాటి నుంచి ద్రవం ఊరుతుంది. ఒక్కొక్కసారి అది లీటరుకు పైగా చేరుతుంది. జనం 'నెమ్ము చేరింది', 'ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది' అనేది దీనినే. నిజానికి ఆ నీరు ఊపిరితిత్తి లోపల కాదు, దాని చుట్టూ ఉంటుంది.

సాయంత్రం వేళ జ్వరం, పొడి దగ్గు, ఆకలి మందగించటం, బరువు తగ్గటం, గట్టిగా ఊపిరి పీల్చినా దగ్గినా ఒక ప్రక్క సూదితో పొడిచినట్లు నొప్పి - ఇవి దీని లక్షణాలు. ఇక్కడ ఒక మోసం పొంచి ఉంది. నీరు పెరిగేకొద్దీ రెండు పొరలూ ఎడమవుతాయి. ఒరిపిడి ఆగి నొప్పి తగ్గుతుంది. రోగి 'నయమైంది' అనుకుంటాడు. కొద్ది రోజులలోనే ఆయాసం మొదలవుతుంది. నొప్పి తగ్గి ఆయాసం పెరిగితే అది స్వస్థత కాదని గ్రహించాలి.

తెమడ పరీక్ష ఎందుకు సరిపోదు?

క్షయ అనగానే అందరికీ తెమడ పరీక్షే గుర్తుకొస్తుంది. ఊపిరితిత్తి లోపల పుండు పడినప్పుడు క్రిములు తెమడతో బయటికి వస్తాయి. పొరలకు సోకిన క్షయలో జబ్బు శ్వాసనాళాలకు వెలుపల ఉంటుంది. కాబట్టి తెమడలో క్రిమి కనబడకపోవటం ఆశ్చర్యం కాదు. అయినా తెమడ పరీక్ష తప్పక చేయించాలి. ఊపిరితిత్తిలో కూడా జబ్బు ఉంటే అది ఇతరులకు సోకవచ్చు. ఆ సంగతి తెలిసేది తెమడ ద్వారానే. పరీక్షలో 'ఉంది' అంటే ఉన్నట్లే. 'లేదు' అంటే మాత్రం వెదకటం ఆపరాదు.

వైద్యుడు ముందుగా వీపుమీద వ్రేళ్ళతో తట్టి చూస్తాడు. ఈ పద్ధతిని 1761లో ఆవన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు వియన్నాలో గ్రంథస్థం చేశాడు. బోలుగా మోగవలసిన చోట రాతిపై తట్టినట్లు మొద్దు శబ్దం వస్తే అక్కడ నీరు ఉందని అనుమానం. ఎక్స్‌రేలో సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరితేగాని స్పష్టంగా తెలియదు; అల్ట్రాసౌండ్ స్కానింగు అంతకంటే తక్కువ నీటినీ చూపుతుంది. అయితే ఇవి నీరు ఉన్నదని చెప్పగలవేగాని, ఆ నీరు ఎందుకు చేరిందో తేల్చి చెప్పలేవు. గుండె జబ్బు, కాలేయ వ్యాధి, మూత్రపిండాల వ్యాధి, న్యుమోనియా, క్యాన్సర్ - వీటిలో దేనివల్లనైనా నీరు చేరవచ్చు.

నీరే సాక్ష్యం

అందుచేత ఆ నీటిని కొంత తీసి పరీక్షించాలి. రోగిని కూర్చోబెట్టి, ముందుకు వంచి, వీపుమీద మత్తుమందు ఇచ్చి, స్కానింగు సహాయంతో చోటు గుర్తించి, ప్రక్కటెముక పై అంచు మీదుగా సూదిని పంపుతారు. ఎముక క్రింది అంచున రక్తనాళాలు, నరం ఉంటాయి గనుక ఈ జాగ్రత్త. సాధారణంగా అరగంటలో ముగిసే పని ఇది.

తీసిన నీటిలో చూసేవి ఇవి. మొదటిది మాంసకృత్తులు, ఎల్‌డీహెచ్. వీటిని రక్తంలోని పాళ్ళతో పోల్చి, నీరు పొరల వాపువల్ల ఊరిందా, లేక గుండె, కాలేయం వంటి అవయవాల లోపంవల్ల చేరిందా అన్నది తేలుస్తారు. 1972లో అమెరికా వైద్యుడు రిచర్డ్ లైట్, ఆయన సహచరులు చెప్పిన ఈ కొలబద్దనే నేటికీ అనుసరిస్తున్నారు. రెండవది కణాల లెక్క. క్షయలో సాధారణంగా లింఫోసైట్లు అధికంగా ఉంటాయి. మూడవది ఏడీఏ అనే ఎంజైము. లింఫోసైట్లు అధికంగా ఉండి, ఏడీఏ లీటరుకు 40 యూనిట్లు మించితే, మన దేశంలో అది క్షయకు బలమైన సాక్ష్యం. అయితే ఛాతీలో చీము పట్టినా, లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నా ఏడీఏ పెరుగుతుంది. ఏ ఒక్క అంకెనూ విడిగా చూడకూడదన్నది అందుకే.

ఆ నీటిలోనూ క్రిములు బహు స్వల్పం. సూక్ష్మదర్శినిలో పది మందిలో ఒకరికి కూడా కనబడవు. సీబీనాట్ పరీక్షలో క్రిమి బయటపడితే అది నమ్మదగిన ఋజువు. రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. బయటపడకపోతే మాత్రం క్షయ లేదనటానికి వీల్లేదు. అప్పటికీ సందేహం మిగిలితే పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. ఇక రక్తంలో యాంటీబాడీలు చూసి క్షయ చెప్పే పరీక్షలను 2012లోనే భారత ప్రభుత్వం నిషేధించింది. అటువంటి వాటికి డబ్బు ధారపోయవద్దు.

ఒక తల్లి భయం

మా మదరసాలో చదివే పదిహేడేళ్ళ విద్యార్థికి మూడు వారాలు జ్వరం తగ్గలేదు. ఎక్స్‌రేలో కుడివైపు నీరు కనిపించింది. తెమడలో ఏమీ లేదు. వైద్యుడు నీరు తీయాలనగానే తల్లి మా దగ్గరికి వచ్చింది. "హజ్రత్, సూది వద్దని చెప్పండి. ఒకసారి తీయిస్తే మళ్ళీ మళ్ళీ పడుతుందంటున్నారు" అని కన్నీళ్ళు పెట్టుకుంది. అబ్బాయి మేనమామ మాట వేరు. "తెమడలో లేదన్నాక ఇక క్షయ మాటెందుకు? ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఉంది. ఆ పేరు బయటికి వస్తే సంబంధాలు వస్తాయా?" అన్నాడు.

మేము వారితో కలిసి వైద్యుని వద్దకు వెళ్ళాము. ఆయన ఓపికగా చెప్పాడు: "అమ్మా, నీరు పట్టేది సూది వల్ల కాదు, జబ్బు వల్ల. ఏ జబ్బో ఆ నీరే చెప్పాలి." తల్లి ఒప్పుకుంది. ఎండుగడ్డి రంగులో నీరు వచ్చింది. లింఫోసైట్లు, ఏడీఏ రెండూ అధికంగా ఉన్నాయి. చికిత్స మొదలైన రెండవ వారానికి జ్వరం విడిచింది. ఆరు నెలల మందులు పూర్తిచేసిన ఆ అబ్బాయి నేడు మళ్ళీ తరగతిలో కూర్చుంటున్నాడు, అల్హమ్దులిల్లాహ్.

దానంతటదే తగ్గితే?

కొందరిలో మందులు లేకుండానే నీరు ఇంకిపోతుంది. అది మరింత ప్రమాదకరం. చికిత్స పొందని 141 మంది అమెరికా సైనికులను పరిశీలించిన వైద్యులు 1955లో ప్రకటించిన దాని ప్రకారం, వారిలో 65 శాతం మందికి తరువాతి సంవత్సరాలలో క్షయ తిరగబెట్టింది. నీరు పోయినా క్రిమి పోలేదన్నమాట. అలాగే ఏ పరీక్షా లేకుండా 'నీరు ఉంది గనుక క్షయే' అని మందులు మొదలుపెట్టటమూ తగదు. ఆ నీటి వెనుక క్యాన్సరే ఉంటే విలువైన నెలలు వృథా అవుతాయి.

నిర్ధారణ అయినవారికి సాధారణంగా ఆరు నెలల చికిత్స; ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. ని-క్షయ్ పోషణ్ యోజన క్రింద ఆహారం కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 రూపాయలకు పెంచారు. మధుమేహం, హెచ్ఐవీ పరీక్షలు కూడా చేయించాలి. మందుల వల్ల మూత్రం ఎర్రబడితే భయపడవద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే వైద్యునికి చూపించాలి.

రమజాన్ వస్తున్నదని పరీక్షను పండుగ తరువాతకు వాయిదా వేసే కుటుంబాలను మేము చూస్తున్నాము. వ్యాధిగ్రస్తునికి ఉపవాసం విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది. తప్పిన రోజులను కోలుకున్నాక పూర్తిచేసుకోవచ్చు. క్రిమికి మాత్రం వాయిదా తెలియదు.

ఇక పరువు మాట. పొరలకు మాత్రమే సోకిన క్షయ సాధారణంగా ఇతరులకు అంటదు. దాచిపెట్టటం వల్ల కుటుంబానికి కలిగే రక్షణ ఏదీ లేదు, నష్టమంతా రోగిదే. మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గో జ్వరమో ఉండి, ఊపిరి పీలిస్తే ప్రక్క నొప్పి వస్తుంటే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. ఎక్స్‌రేలో నీరు ఉందంటే "నీటి పరీక్షలో ఏమి తేలింది?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఇంటికి తిరిగి రాకండి.