కర్నల్ ఎవరెస్టు: పర్వతము చాటున మరుగుపడిన జీవితము

దోమ, పరిగి, వికారాబాదు ప్రాంతములకు కొంచెము తూర్పుగా 78వ రేఖాంశము పోవుచున్నదని పటమును చూచిన విద్యార్థి యెవడైనను చెప్పగలడు. కాని ఆ రేఖను ఆనుకొని, పందొమ్మిదవ శతాబ్దారంభమున, భూమి ఆకారమునే కొలువబూనిన కొందరు సైనికోద్యోగులు కొండకొమ్మునుండి కొండకొమ్మునకు త్రిభుజములను అల్లుకొనుచు కన్యాకుమారినుండి హిమాలయముల దిక్కునకు సాగిపోయిరనియు, వారిలో ఒకని పేరే నేడు ప్రపంచమున అత్యున్నత శిఖరమునకు నిలిచియున్నదనియు మన పాఠశాలలలో చెప్పువారు అరుదు. ఆ జార్జి ఎవరెస్టును గూర్చి జనశ్రుతిలో నిలిచిన మాటలు పెక్కు సత్యమునకు దూరములు.

అన్నింటికంటె బలముగా వేరూనిన అపోహ, ఆయన ఆ శిఖరమును కనుగొని కొలిచెననునది. ఎక్కెనని నమ్మువారును కలరు. సర్వేయర్ జనరల్ పదవినుండి విరమించి ఎవరెస్టు స్వదేశమునకు మరలినది 1843లో. అప్పటికి సర్వే లెక్కలలో పేరైనను లేక, పిమ్మట పదునైదవ శిఖరమని సంఖ్యతో మాత్రమే లెక్కకెక్కిన ఆ కొండను జేమ్స్ నికల్సన్ అను ఉద్యోగి మైదానమునుండి గురిచూచి కోణములు గ్రహించినది 1849లో. గణనలు ముగిసి 29,002 అడుగుల ఎత్తును ఎవరెస్టు పిమ్మటి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా లోకమునకు ప్రకటించినది 1856లో. ఎవరెస్టు దానిని కన్నులార చూచినట్లైనను ఆధారము లేదు. తన పేరు తానే పెట్టుకొన్నాడను నింద మరింత అన్యాయము. ఆ పేరును సూచించినవాడు వా. 1857లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ సభలో, భారతదేశపు ప్రజల నోట పలుకని పేరు పర్వతమునకు తగదని అభ్యంతరము చెప్పినవాడు ఎవరెస్టే. ఆయన మాట చెల్లలేదు. 1865లో సొసైటీ ఆ పేరునే స్థిరపరచెను.

గణకుడు రాధానాథ్ శిక్దార్ డెహ్రాడూనులో వా గదిలోనికి పరుగునవచ్చి ప్రపంచోన్నత శిఖరమును కనుగొంటినని చెప్పెనను కథ వినుటకు ఇంపైనదే. అయితే 1849 మొదలు శిక్దార్ ప్రధాన గణకుడుగా కలకత్తాలోనే యుండెను. ఆ కథ తొలగినంతమాత్రమున ఆ మేధావి గౌరవమునకు లోటురాదు. హిందూ కళాశాలలో చదువుచున్న ఆ యువకుని 1831లో ఏరి తెచ్చుకొన్నది ఎవరెస్టు కావుననే ఈ సంబంధము గుర్తింపదగినది.

ఎవరెస్టు పల్లకిలో తిరిగిన దొర, కష్టమెరుగడను మాటకు మన తెలుగు నేలయే సమాధానము చెప్పగలదు. బెంగాలు ఫిరంగిదళమున చేరుటకు పదునారేండ్ల ప్రాయమున, 1806లో, భారతదేశమునకు వచ్చి, జావా ద్వీపమున కొలతల పని నేర్చి, 1818 చివర హైదరాబాదులో సర్వే నాయకుడైన లాంబ్టన్‌కు ప్రధాన సహాయకుడైన ఈ యువసైనికుడు, మరుసటి యేట కృష్ణా గోదావరుల నడిమి అడవులలోనికి పంపబడెను. వానలకు ధూళి అణగి గాలి నిర్మలమై దూరపు కొండలు స్ఫుటముగా కనబడునను కారణమున సర్వే వర్షర్తువునందే సాగెడిది. ఆ ఋతువే మన్యపు జ్వరములకును ఋతువు. యెల్లాపురము చేరువ అడవిలో ఎవరెస్టును, భూగర్భశాస్త్రజ్ఞుడైన వైద్యుడు వాయ్సీయును, వెంటనున్న పరివారములో అధికభాగమును జ్వరపీడితులైరి. మోసికొనిరాబడినవారిలో కొందరు హైదరాబాదు చేరకమునుపే ప్రాణములు విడిచిరి. ఆరోగ్యమునకై ఎవరెస్టు 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు పోవలసివచ్చెను. తరువాతి కాలమున రాత్రివేళ దీపములను గురిగా నిలిపి వానలు లేని నెలలలో పరిశీలించు పద్ధతిని ఆయన పట్టుదలతో నెలకొల్పుటకు ఈ చేదు అనుభవమే ప్రేరకమని నా నిశ్చయము. ఆయనను మృదుహృదయునిగా చిత్రింపనక్కర లేదు. నిజాము పంపిన రక్షకభటులు ఎదురుతిరిగినపుడు కొరడా దెబ్బలు వేయించిన కఠినుడు కూడ ఆయనయే.

ఈ మహాకార్యమంతయు ఎవరెస్టుదే యనుట మరియొక పొరపాటు. 1802 ఏప్రిల్ 10న మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంట్‌కడ ఆధారరేఖ కొలత మొదలిడినవాడును, 1815లో బీదరుకడ మరియొక ఆధారరేఖ కొలిచినవాడును విలియం లాంబ్టన్. అర టన్ను బరువుగల థియోడలైటును రెండు దశాబ్దములు మోయించుకొని తిరిగి, 1823 జనవరిలో హింగన్‌ఘాటున ఆ పనిలోనే ఆయన మరణించెను. పిమ్మట బాధ్యత వహించిన ఎవరెస్టు, పాత కొలతలతో తృప్తిచెందక, బీదరునుండి ఉత్తరభాగమును నూతన పరికరములతో తిరిగి కొలిపించెను. బీదరు ఆధారరేఖను 1841లో వా మరల కొలిచెను. ఆ పరికరములను సరిదిద్ది నిలిపినవారిలో ఆర్కాటు సీమవాడైన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్ అగ్రగణ్యుడు. ఆయన నైపుణ్యమును ఎవరెస్టు బహిరంగముగా కొనియాడెను.

1847లో ఎవరెస్టు ప్రకటించిన గ్రంథమున ఆ కొలతకు దక్షిణపుకొనగా పేర్కొనబడినది దామరగిద్ద. మన పొరుగున నారాయణపేట సీమలో ఆ పేరుగల ఊరుండుటచే అదియే యని తలచుటకు వీలున్నది; కాని ఆయన ఇచ్చిన అక్షాంశము 18 డిగ్రీల 3 నిమిషముల 15 సెకనులు, నారాయణపేటవైపు ఊరు 17 డిగ్రీలకు దిగువన నున్నది. సర్వే దామరగిద్ద వికారాబాదునుండి రైలు పోవు బీదరు దిక్కున, ఆ పట్టణమునకు ఉత్తరముగా నున్న స్థలము. అచ్చటినుండి ఉత్తరమునకు సాగిన కొలతలలో కల్యాణపురమునకును కల్యానాకును నడుమ ఖగోళ గణనకును భూమాపనమునకును 5.24 సెకనుల తేడా కనబడగా, హిమాలయములు గుండుదారమును తమవైపు లాగుటను గూర్చి ప్రాట్, ఏరీ అను పండితులు విచారించిరి. పర్వతములక్రింది భూపటలము ఎట్లు తూగుచున్నదో తెలుపు సిద్ధాంతము అందుండి పుట్టెను. మన గ్రామముల నక్షా, టిప్పను, సేత్వారు అను భూమి పత్రములు మాత్రము ఈ సర్వే ఫలములు కావు. అవి నిజాము ప్రభుత్వపు భూమి బందోబస్తునుండి వచ్చినవి.

ఆయనకు లభించిన బిరుదములు యుద్ధవిజయములకని తలచుటయు సరికాదు. 1861లో కర్నల్ ఎవరెస్టుకు బాత్ బిరుదమును, సర్ పదవియు దక్కినది భూమాపనమునకే. 1866 డిసెంబరు 1న ఆయన లండనులో మరణించెను.

దోమ, తాండూరు పాఠశాలల భూగోళోపాధ్యాయులు శిఖరము ఎత్తుతో పాఠము ముగింపక, 78వ రేఖాంశమును, బీదరును, యెల్లాపురపు అడవిని పటమున చూపి, లాంబ్టన్, మొహసిన్ హుస్సేన్, శిక్దార్ల పేర్లనుకూడ పిల్లలచే వ్రాయింతురని నా ప్రార్థన.