కంప్యూటరు పురుగులు: శిక్షయు, మాసికయు

మా కోడుమూరునందు గద్వాల తీరు చీరలు నేయు మగ్గముల చప్పుడు వినక పెరిగిన ఆడబిడ్డ యుండదు. ఎమ్మిగనూరు పోయినను మగ్గములే. ఆదోని పోయినచో ప్రత్తి మూటలు. కావున చినిగిన బట్టకు మాసిక వేయుటను గూర్చి గాని, ప్రత్తికాయను లోలోపల తొలుచు పురుగు చేయు నష్టమును గూర్చి గాని మన ప్రాంతపు స్త్రీలకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఈ రెంటిని ఆధారముగా గొని నేడొక క్రొత్త విషయమును సోదరీమణుల ముందుంచ దలచితిమి. అది కంప్యూటరు పురుగులను గూర్చినది.

ఈ తలంపు మాకు కలుగుటకు కారణమొకటి గలదు. మా పొరుగింటి సోదరి యొకతె పొదుపు సంఘపు లెక్కలు వ్రాయుచుండును. సంఘపు సొమ్ము జమయైన సంగతియు, అత్తగారి పింఛను సంగతియు, పిల్లవాని చదువు కాగితములును ఆమె సెల్‌ఫోనులోనే యున్నవి. ఆ ఫోను కొన్ని దినములుగా అప్‌డేట్ చేయుమని యడుగుచున్నది. ఆమె ‘తరువాత’ అను మాటపై వ్రేలు నొక్కి ఊరకుండుచున్నది. మేము కారణమడుగగా, “అక్కా! అది మొదలుపెట్టిన గంటసేపు ఫోను పనిచేయదు. ఉన్న నెట్టంతయు అయిపోవును. పురుగులను చేసి వదలినవానిని పట్టి జైలులో వేయక, మమ్ము తలుపులు బిగించుకొమ్మనుట యేమి న్యాయము?” అనెను. ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఏలయన అందు సగము న్యాయమున్నది. తక్కిన సగము నెరుగుటకే యీ వ్యాసము.

కంప్యూటరైనను, సెల్‌ఫోనైనను మనుష్యులు వ్రాసిన ఆజ్ఞల వరుసను బట్టి పనిచేయును. ఆ వరుసకే సాఫ్ట్‌వేర్ అని పేరు. లక్షల పంక్తులు గల ఆ వ్రాతలో ఎచ్చటనో యొక పొరపాటు మిగులక మానదు. నేతలో పోగు తప్పిన చోటు వంటిదది. ఆ సందున దూరునట్లు దుర్బుద్ధితో వ్రాసిన మరియొక ఆజ్ఞల కట్టయే పురుగు. ఆంగ్లమున దీనిని వర్మ్ అందురు. వైరస్ అనునది సాధారణముగా ఒక ఫైలు నంటిపెట్టుకొని యుండి, మనమా ఫైలును తెరచినప్పుడు బయలుదేరును. పురుగులలో పెక్కింటికి ఆ మాత్రపు ఆసరాయు అక్కరలేదు. ఒక యంత్రమున ప్రవేశించి, తన వంటి పురుగులను తానే పుట్టించి, ఇంటర్నెట్టుతో కలిసియున్న యితర యంత్రములలో అదే సందును వెదకుకొనుచు పోవును. సాఫ్ట్‌వేర్ చేసిన సంస్థవారు తమ పొరపాటును కనుగొని, దానిని కప్పుటకై పంపు సవరణకు ప్యాచ్ అని పేరు. ప్యాచ్ అనగా మన మాసికయే. ఫోను అడుగు అప్‌డేట్‌లో తరచుగా నుండునవి యీ మాసికలే.

ఇక శిక్షల సంగతి. 1988 నవంబరు 2వ తేదీని అమెరికాలో రాబర్ట్ టాపన్ మోరిస్ అను కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొక పురుగును వదలెను. తన విశ్వవిద్యాలయపు పేరు బయటపడకుండుటకై ఎం.ఐ.టి. అను మరియొక విద్యాసంస్థ కంప్యూటరు నుండి దానిని పంపెను. నాడు ఇంటర్నెట్టులో సుమారు 60 వేల యంత్రములుండగా, వానిలో 6 వేలు స్తంభించినవని యంచనా. అతడెవరి సొమ్మును దొంగిలింపలేదు. కాని పురుగు అతడు తలచినదానికంటె వేగముగా పెరిగి అతని చేయి దాటిపోయెను. 1986 నాటి చట్టము క్రింద 1990లో అతనికి 3 ఏండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించిరి. చెరసాల లేదు. కాలక్రమమున ఆయన అదే ఎం.ఐ.టి.లో ఆచార్యుడయ్యెను.

2000 సంవత్సరము మే నెలలో ప్రేమలేఖ రూపమున మరియొకటి వచ్చెను. ‘నిన్ను ప్రేమించుచున్నాను’ అను శీర్షికతో వచ్చిన ఉత్తరమును తెరచినవారి యంత్రమును పాడుచేసి, వారి చిరునామా పుస్తకములోని వారికందరకు ఆ ఉత్తరమే తనంత తాను పోయెడిది. అది పుట్టినది ఫిలిప్పీన్సు దేశపు మనీలా నగరమున. ఒనెల్ డి గుజ్మాన్ అను యువకునిపై పోలీసులు అభియోగము తెచ్చిరి. కాని నాటికి ఆ దేశమున అట్టి పనిని నేరమనెడి చట్టమే లేదు. అతనిని విడిచిపెట్టిరి. తరువాత చట్టము చేసిరి గాని, అది గడచిన తప్పునకు వర్తింపదు. తానే చేసితినని అతడు 20 ఏండ్లకు ఒక పత్రికా రచయితతో ఒప్పుకొనెను. ఇంటర్నెట్టునకు రుసుము చెల్లింపలేక ఇతరుల రహస్యపదములను సంపాదింప నెంచితినని కారణము చెప్పెను.

ఆ సంవత్సరమే మన దేశమున సమాచార సాంకేతిక చట్టము అక్టోబరు 17వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. యజమాని యనుమతి లేక కంప్యూటరులో వైరస్ వంటి దానిని ప్రవేశపెట్టినవాడు నష్టపరిహార మీయవలెనని దాని 43వ సెక్షను చెప్పుచున్నది. అదియే దురుద్దేశముతో చేసినచో 66వ సెక్షను క్రింద 3 ఏండ్ల వరకు చెర గాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. దేశభద్రతకు భంగము కలిగించు సైబరు ఉగ్రవాదమునకు యావజ్జీవ కారాగారము వరకు శిక్ష గలదు. మన దేశములోని కంప్యూటరునకు హాని చేసినవాడు పరదేశమున నున్నను ఈ చట్టము వానికి వర్తించునని 75వ సెక్షను. కావున చట్టము లేదని మన మనరాదు. వ్రాసిన చట్టము దొంగ యింటి గడప వరకు పోగలదా యనునదే ప్రశ్న.

ఒక్కొక్కప్పుడు పోగలదు. 2004లో సాసర్ అను పురుగు లోకమును కలతపెట్టెను. దానిని వ్రాసినవాడు జర్మనీకి చెందిన స్వెన్ యాషన్ అను 17 ఏండ్ల బాలుడు. మైక్రోసాఫ్ట్ సంస్థ సమాచారమిచ్చినవారికిచ్చు 2,50,000 డాలర్ల బహుమతి నాశించి, అతనిని ఎరిగినవారే పట్టియిచ్చిరి. బాలుడగుటచే న్యాయస్థానము 21 నెలల శిక్ష విధించి, దానిని అమలు జరుపక నిలిపియుంచెను. ఇందు గమనింపదగిన దింకొకటి గలదు. ఆ పురుగు దూరిన సందునకు మైక్రోసాఫ్ట్ వారు ఏప్రిల్ 13వ తేదీననే మాసిక పంపిరి. పురుగు బయలుదేరినది ఏప్రిల్ 30న. నడుమ 17 దినములు గడువున్నను లక్షలకొలది యంత్రములకు మాసిక పడలేదు.

మన యింటి ముంగిటికి వచ్చిన కథ 2017 నాటిది. ఆ యేడు మే 12వ తేదీని వాన్నాక్రై అను పురుగు బయలుదేరి, కొలది దినములలో 150 దేశములలో 2 లక్షలకు పైగా యంత్రములను పట్టెను. అది ఫైళ్లకు తాళము వేసి, తాళము తీయుటకు 300 డాలర్లు బిట్‌కాయిన్ రూపమున నిమ్మని అడుగును. మన ఆంధ్రప్రదేశమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు కొన్ని దీని వాత బడెను. తిరుమల తిరుపతి దేవస్థానము వారి కంప్యూటర్లలోను కొన్నింటికి సోకెను. దొంగలను పట్టవలసినవారి బల్లపైనున్న కాగితములకే దొంగ తాళము వేసినాడన్న మాట! ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలలు చిక్కుకొని, రోగులు వైద్యుని చూచుటకు పెట్టుకొనిన యేర్పాట్లు 19 వేలకు పైగా రద్దైనట్లు అచ్చటి లెక్కల తనిఖీ సంస్థ అంచనా వేసెను. ఆ సందునకు మాసిక మార్చి 14వ తేదీననే వచ్చియుండెను. అనగా 59 దినముల ముందు.

ఈ నేరమునకు శిక్ష యెవరికి? ఉత్తర కొరియాకు చెందిన పార్క్ జిన్ హ్యోక్ అను వానిపై 2018లో అమెరికా ప్రభుత్వము అభియోగము మోపెను. అతడు వారి చేతికి చిక్కలేదు. అమెరికా గూఢచారి సంస్థ యొకటి యీ సందును ముందే కనుగొని, తన యాయుధముగా దాచియుంచుకొనగా, ఆ రహస్యము బయటపడి దుష్టుల చేతికి పోయినది. మరి దాచినవారి తప్పు తప్పు కాదా? ఆ పురుగును ఆపిన మార్కస్ హచిన్స్ అను ఆంగ్ల యువకుని కథ యింకను చిత్రమైనది. బాల్యచాపల్యమున బ్యాంకు ఖాతాలను దోచు సాఫ్ట్‌వేర్ వ్రాసినందుకు అతడే అమెరికాలో పట్టుబడెను. 2019లో న్యాయాధిపతి అతడు చేసిన మేలును తలచి, అప్పటికి అనుభవించిన నిర్బంధమే చాలునని యతనిని విడిచెను.

ఈ కథలన్నిటిని కలిపి చూడగా మాకు తోచునది యిది. పురుగును వదలుట నేరమే. పిల్లవాడు చేసినను, పండితుడు చేసినను నష్టపోయిన వైద్యశాలకు భేదము లేదు. శిక్ష యుండవలెను. బాలునికి దిద్దుబాటును, దోపిడీకానికి కారాగారమును తగును. కాని శిక్ష యెప్పుడును నష్టము తరువాత వచ్చును. తరచుగా రానే రాదు. వచ్చినను, చెరలో నున్నవాడు వదలిన పురుగు చెరలో నుండదు. మాసిక పడని యంత్రము దొరకినంత కాలము అది తిరుగుచునే యుండును. ప్రత్తి రైతు నడుగుడు. ఏరుట ముగిసిన పిదప ఒక్క చేనిలో కట్టె పీకక విడిచినను, గులాబీ రంగు పురుగు అందు దాగి మరుసటి పంటకు ఊరిపై బడును. పొరుగువాని చేను మన చేనికి పరాయిది కానట్లే, పొరుగువాని కంప్యూటరు మన కంప్యూటరునకు పరాయిది కాదు.

అట్లైనచో మాసిక వేసికొనక యేల యాలసింతురు? అందరును సోమరులని నిందించుట తగదు. మాసిక వేయుట చెప్పినంత సులభము కాదు. వైద్యశాలలోని యంత్రమును ఆపవలెనన్న రోగి యాగవలెను. కార్యాలయమున ఒక పాత సాఫ్ట్‌వేర్ క్రొత్త మాసికతో పొసగక నిలిచిపోవచ్చును. మాసికయే చినుగైన సందర్భమును గలదు. 2024 జూలై 19వ తేదీని క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సంస్థవారు పంపిన తప్పు సవరణ వలన సుమారు 85 లక్షల కంప్యూటర్లు మూర్ఛిల్లినవి. మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన పాసులీయవలసి వచ్చినది. కావున పెద్ద సంస్థలవారు ముందుగా కొన్ని యంత్రములపై పరీక్షించి, పిదప తక్కినవానికి వేయుదురు. ఆ పరీక్షకు దినములు పట్టును. ఇంతలో ప్యాచ్ వెలువడుటయే దుష్టునకు చినుగెచ్చటనో చెప్పుటయగును. పోనీ, మంచి పురుగును వదలి మాసికలు వేయింతమని 2003లో ఎవరో తలపెట్టిరి. ఆ వెల్చియా అను పురుగు మాసికలు వేయబోయి, దారులన్నియు క్రిక్కిరియునట్లు చేసి కార్యాలయముల పని నాపెను. పిలువని చుట్టము పాత్రలు తోమబోయి పగులగొట్టినట్లు.

అన్నిటికంటె పెద్ద చిక్కు బీదరికము. యంత్రము పాతబడిన పిదప దానికి మాసికలు పంపుట సంస్థవారు మానివేయుదురు. విండోస్ 10 అను సాఫ్ట్‌వేర్‌నకు మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో సాధారణముగా నిచ్చు మాసికలను నిలిపిరి. క్రొత్తది కొనగలవారు కొందురు. పల్లెలోని చిన్న జెరాక్సు దుకాణమువాడు, పాత ఫోనును అక్కనుండి చెల్లెలికి దించుకొను కుటుంబమువారు ఏమి చేయగలరు? చినుగు నేసినవాని తప్పు. మాసికకు గుడ్డముక్క నీయవలసినవాడు నేసినవాడే. అమ్ముకొని లాభము పొందిన సంస్థ తన వస్తువునకు చాలినన్ని యేండ్లు మాసికలీయవలెను. ప్రజల కాగితములు దాచు కార్యాలయములు తమ యంత్రములకు సకాలమున వేయవలెను. వారు చేయనిదానికి మన సోదరిని దోషిగా నిలుపుట న్యాయము కాదు.

అయినను ఇంటి తాళము మన చేతిలోనిదే గదా! ఆమెకు మేము చెప్పినది యిది. రాత్రి ఫోనును ఛార్జింగునకు పెట్టి, పని లేని వేళ అప్‌డేట్ నడిపింపుము. వైఫై గల బంధువుల యింట నైనచో నెట్టు ఖర్చును ఉండదు. అప్‌డేట్‌ను ఫోనులోని సెట్టింగుల నుండియే చేయుము. సందేశములో వచ్చిన లింకును నమ్మవలదు, మాసిక వేషమున పురుగే రావచ్చును. మాసికలు రాని పాత ఫోనులో బ్యాంకు వ్యవహారములు పెట్టవలదు. పిల్లవాని కాగితములకును సంఘపు లెక్కలకును వేరొక చోట నకలుంచుము. నకలున్నచో తాళము వేసిన దొంగకు రూపాయి యీయనక్కరలేదు. సొమ్ము పోయినట్లు తోచినచో ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేసి చెప్పుము.

ఆమె విని, “సరే యక్కా! మాసిక నేను వేయుదును. ఆ వదలినవాని సంగతి?” అని మరల నడిగెను. వానిని పట్టవలసినవారు పట్టుదురుగాక యని మేము పలికితిమి. ఆ రాత్రి ఆమె ఫోనునకు అప్‌డేట్ పూర్తియయ్యెనట. మరునాడు సంఘములోని తక్కిన స్త్రీల ఫోనులను గూడ అడిగి చూచినది. వానిలో రెండు ఫోనులకు అప్‌డేట్‌లు రాక చాలకాలమైనదట. వానిలోనున్న సంఘపు ఖాతాను వేరొక ఫోనునకు మార్చవలెనని వారు తీర్మానించుకొనిరి. ఈ వ్యాసము చదివిన సోదరీమణులును తమ యింటనున్న ఫోనుల నొకసారి చూచుకొందురని మా ప్రార్థన.