ఆఫ్ రోడ్ ట్రైల్స్: ఎడారిలో జీపు ఎటైనా తిప్పొచ్చా? ఆ మ్యాప్ వెనుక అసలు కథ ఇదీ!

కొండ అంచున జీపు ఊగుతూ పైకి ఎక్కుతోంది. కింద లోయ, చుట్టూ ఎర్రటి రాళ్లు, వెనకాల దుమ్ము. అమెరికాలోని యూటా రాష్ట్రం, మోయాబ్ పట్టణం పేరుతో ఇలాంటి వీడియోలు ఫోన్‌లో బోలెడు కనిపిస్తాయి. చూస్తే ఎటు కావాలంటే అటు బండి తిప్పేస్తున్నట్టే ఉంటుంది.

కానీ అసలు విషయం వేరు. ఆ నేల ప్రభుత్వానిది. ఏ దారిలో ఏ బండి వెళ్లాలో ముందే మ్యాప్ మీద రాసి ఉంటుంది. దారి తప్పితే జరిమానా పడొచ్చు. మరి ఆ మ్యాప్ ఎవరు గీస్తారు? దాని మీద కోర్టుల దాకా గొడవ ఎందుకు? ఓ లుక్కేద్దాం.

భూమి ఎవరిది?

అమెరికా కేంద్ర ప్రభుత్వ భూముల్లో ఎక్కువ భాగం పశ్చిమ రాష్ట్రాల్లోనే ఉంది. అందులో సుమారు 24.5 కోట్ల ఎకరాలను బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (బీఎల్ఎం) చూస్తుంది. మరో 19.3 కోట్ల ఎకరాలు ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉన్నాయి.

మన దగ్గర రిజర్వ్ ఫారెస్ట్‌లోకి బండి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. అక్కడ చాలా చోట్ల అలా కాదు. మ్యాప్‌లో 'ఓకే' అని ఉన్న దారి అయితే నేరుగా వెళ్లిపోవచ్చు. అందుకే మొత్తం వ్యవహారం ఆ మ్యాప్ దగ్గరే తేలుతుంది.

రూల్ ఎప్పుడు వచ్చింది?

1960ల్లో డర్ట్ బైకులు, జీపుల సరదా ఒక్కసారిగా పెరిగింది. ఎవరికి తోచిన దారి వాళ్లు వేసుకుంటూ పోయారు. దీంతో 1972 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఓ ఉత్తర్వు ఇచ్చారు. ప్రభుత్వ భూముల్లో బండ్లు ఎక్కడ తిరగొచ్చో, ఎక్కడ తిరగకూడదో అధికారులే తేల్చాలన్నది దాని సారాంశం. 1977లో అధ్యక్షుడు కార్టర్ దాన్ని ఇంకా గట్టి చేశారు. తీవ్ర నష్టం జరుగుతోందని తేలితే ఆ దారిని వెంటనే మూసేయాలన్నారు.

దారి ఎంచుకునేటప్పుడు అధికారులు ముఖ్యంగా చూడాల్సినవి ఇవీ:

- మట్టికి, నీటి వనరులకు, మొక్కలకు నష్టం వీలైనంత తగ్గాలి.
- అడవి జంతువులకు, వాటి ఆవాసాలకు ఇబ్బంది తగ్గాలి.
- నడిచేవాళ్లు, పడవల్లో వెళ్లేవాళ్లు, చుట్టుపక్కల ఉండేవాళ్లతో గొడవలు తగ్గాలి. చప్పుడు కూడా లెక్కలోకి వస్తుంది.
- చట్టం ప్రకారం 'వైల్డర్‌నెస్'గా ప్రకటించిన చోట దారి ఉండకూడదు.

మట్టి మీద ఇంత పట్టింపు ఎందుకు?

మోయాబ్ చుట్టూ ఎడారి నేల మీద నల్లగా, గరుకుగా ఓ పొర కనిపిస్తుంది. అది ఉత్త మట్టి కాదు. సయనోబ్యాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి అల్లుకున్న జీవమున్న పొర. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేది, వాన నీటిని నిలిపేది అదే. టైరు ఒక్కసారి ఎక్కితే నలిగిపోతుంది. మళ్లీ పూర్తిగా కోలుకోవాలంటే ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది.

ఇంకో చిక్కుంది. ఒక బండి చక్రాల గుర్తు చూసి రెండో బండి వస్తుంది, దాన్ని చూసి మూడోది. అలా ఎవరూ వేయని 'దారి' తయారైపోతుంది.

మ్యాప్ ఎలా తయారవుతుంది?

మొదట నేల మీద ఉన్న ప్రతి దారినీ నమోదు చేస్తారు. మోయాబ్ దగ్గర చాలా దారులు 1950ల్లో యురేనియం కోసం వెతికినవాళ్లు వేసినవే. తర్వాత ఒక్కో దారినీ విడిగా పరిశీలిస్తారు. ఇది ఎక్కడికి వెళ్తుంది? ఎవరు వాడుతున్నారు? పక్కన వాగు ఉందా? పురాతన ఆనవాళ్లు ఉన్నాయా?

ఆ తర్వాత ఒకటికి నాలుగు ప్లాన్లు ముందు పెడతారు. ఒకదాంట్లో ఎక్కువ దారులు మూస్తారు, ఇంకోదాంట్లో ఎక్కువ తెరిచి ఉంచుతారు. అప్పుడు జనం అభిప్రాయాలు అడుగుతారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇది ఓటింగ్ కాదు. 'అన్నీ తెరవండి' అనో, 'అన్నీ మూసేయండి' అనో వేలమంది రాసినా దాని బరువు తక్కువే. 'ఫలానా నంబర్ దారి మూస్తే ఆ వ్యూ పాయింట్‌కు వేరే దారి లేదు' అని ఒక్కరు వివరంగా రాస్తే, అధికారులు దాన్ని పరిశీలించక తప్పదు.

మోయాబ్‌లో ఏం జరిగింది?

గ్రీన్ నది పక్కన లాబిరింత్ రిమ్స్, జెమినీ బ్రిడ్జెస్ ప్రాంతం సుమారు 3 లక్షల ఎకరాలు. 2008లో వేసిన పాత ప్లాన్ల మీద పర్యావరణ సంస్థలు కేసు వేశాయి. 2017లో రాజీ కుదిరింది. దాని ప్రకారం బీఎల్ఎం యూటాలోని పలు ప్రాంతాల మ్యాప్‌లను మళ్లీ గీయాల్సి వచ్చింది.

2023 సెప్టెంబర్‌లో ఈ ప్రాంతం నిర్ణయం వచ్చింది. 317 మైళ్ల దారులు బండ్లకు మూసేశారు. 800 మైళ్లకు పైగా తెరిచి ఉంచారు. మూసిన వాటిలో నది పక్కనే వెళ్లే హే జో కాన్యన్ దారి కూడా ఉంది.

పడవల్లో వెళ్లేవాళ్లు సంతోషించారు. నదిలో నిశ్శబ్దంగా సాగుతుంటే ఒడ్డున ఇంజిన్ మోత వినిపించడమే వాళ్ల బాధ. జీపులవాళ్లు మాత్రం భగ్గుమన్నారు. మోకాళ్లు సహకరించని పెద్దలు, దివ్యాంగులు ఆ లోయ చూడాలంటే బండే దిక్కు కదా అన్నది వాళ్ల వాదన. ఆఫ్ రోడ్ సంఘాలతో పాటు యూటా రాష్ట్ర ప్రభుత్వం కూడా ఈ నిర్ణయాన్ని సవాల్ చేసింది.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఈ పని అంత తేలిక కాదు.

మూసేస్తే సరిపోతుందా?

సరిపోదు. మ్యాప్ మీద గీత చెరిపేసినంత మాత్రాన నేల మీద దారి చెరిగిపోదు. అందుకే మూసిన దారి మొదట్లో రాళ్లు, ఎండిన కొమ్మలు పరిచి, అది దారిలా కనిపించకుండా చేస్తారు.

తెరిచి ఉంచే దారి కూడా బాగుండాలి. మంచి ప్లాన్‌లో దారి చుట్టూ తిరిగి మొదలైన చోటికే వస్తుంది. వచ్చిన దారినే వెనక్కి రావాలంటే విసుగొచ్చి అడ్డదారులు తొక్కుతారు. వాన నీళ్లు దారి వెంట పారకుండా పక్కకు జారిపోయేలా మధ్యమధ్యలో ఎత్తుపల్లాలు పెడతారు. బండి వెడల్పుకూ లెక్క ఉంది. ఫారెస్ట్ సర్వీస్ ట్రైల్స్‌లో కొన్నిటి మీద 50 అంగుళాల లోపు బండ్లనే అనుమతిస్తారు. జీపు అందులో పట్టదు.

మనవాళ్లు వెళ్తే ఏం చూసుకోవాలి?

అమెరికాలో ఉంటూ ఆర్చెస్ నేషనల్ పార్క్ టూర్‌కు వెళ్తే మోయాబ్ పక్కనే. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి:

- 2005 నాటి రూల్ ప్రకారం ఫారెస్ట్ సర్వీస్ భూముల్లో ఏ బండి ఎక్కడ వెళ్లొచ్చో చూపే ఉచిత మ్యాప్ ఉంటుంది. అందులో లేని దారిలో బండి నడపకూడదు. బోర్డు కనిపించలేదంటే కుదరదు.
- యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన పర్మిషన్ ఉన్నట్టు కాదు. స్థానిక బీఎల్ఎం లేదా ఫారెస్ట్ ఆఫీసు మ్యాప్‌తో సరిచూసుకోండి.
- మామూలు రెంటల్ కారు అగ్రిమెంట్లలో ఆఫ్ రోడ్‌కు సాధారణంగా అనుమతి ఉండదు. సంతకం పెట్టే ముందు చదవండి.

టైరు గుర్తు కనిపించిందంటే అర్థం ఒక్కటే. ఎవరో ఒకరు అటు వెళ్లారు. వెళ్లొచ్చా లేదా అన్నది మాత్రం మ్యాపే చెప్పాలి. ఆ మ్యాప్ నచ్చకపోతే, అది గీస్తున్నప్పుడే ఆ దారి నంబర్‌తో సహా కారణం రాసి పంపాలి.