దూలంలో గుల్ల: చెవికి అందని ధ్వని

కరీంనగర్, జగిత్యాల ప్రాంతంలోని పాత భవంతి ఇళ్లలో టేకు దూలాలు ఇప్పటికీ కప్పును మోస్తున్నాయి. పైకి కనిపించినంత మేర దూలం నల్లగా, నున్నగా, గట్టిగానే ఉంటుంది. చిక్కంతా మట్టి గోడలోకి దిగిన మూరెడు కొసతోనే. గోడలో ఇంకిన వాన చెమ్మ ముందుగా చేరేది అక్కడికే. వడ్రంగి వచ్చి సుత్తితో తట్టి చూస్తాడు. ఖంగుమంటే చేవ, బోలుగా మోగితే గుల్ల. కోయకుండా, తొలవకుండా లోపలి సంగతి కనుక్కునే ఈ పాత పద్ధతికి అతిధ్వని పరీక్ష కొనసాగింపే.

సెకనుకు 20,000 కంపనాలు (హెర్ట్జ్) దాటిన ధ్వని మన చెవికి అందదు. అలాంటి తరంగాన్ని ఒక స్ఫటికం పుట్టిస్తుంది, ఎదురుపక్క ఆనించిన మరో స్ఫటికం అందుకుంటుంది. మధ్యలో పట్టిన కాలాన్ని మైక్రోసెకన్లలో కొలుస్తారు. రామగుండం వంటి చోట్ల విద్యుత్ కేంద్రాల ఉక్కు గొట్టాల అతుకులను పరీక్షించేదీ అతిధ్వనితోనే. అయితే ఉక్కు వేరు, కర్ర వేరు. ఉక్కులో ధ్వని ఏ దిక్కున వెళ్లినా వేగం సెకనుకు దాదాపు 5,900 మీటర్లే. కర్రలో అలా కాదు. నార వెంట నాలుగైదు వేల మీటర్లు పరుగెత్తే ధ్వని, నారకు అడ్డంగా మూడో వంతు వేగానికి పడిపోతుంది. చెట్టు కణాలు నిలువుగా పేర్చిన సన్నని గొట్టాల్లాంటివి. గొట్టం గోడ వెంట దారి సాఫీగా ఉంటుంది. అడ్డంగా వెళ్లాలంటే గోడ, ఖాళీ, మళ్లీ గోడ దాటుకుంటూ పోవాలి.

ఈ దిక్కుల తేడా కాగితంలోనూ ఉంది. ఒక దినపత్రికను చించి చూడండి. ఒకవైపు తిన్నగా చినుగుతుంది, మరోవైపు వంకరపోతుంది. కాగితం తయారీలో గుజ్జు జాలీ మీద పారేటప్పుడు పోగులు ఎక్కువగా యంత్రం సాగే దిక్కుకే తిరుగుతాయి. ఆ దిక్కున ధ్వని వేగమూ ఎక్కువే. వేగం వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే బిగువు అంచనాకు వస్తుంది, కాగితాన్ని చించే పని లేదు.

మళ్లీ దూలం దగ్గరికి వద్దాం. లోహానికి వాడే పదిలక్షల హెర్ట్జ్ తరంగాలు కర్రలో చెదిరి ఆరిపోతాయి. అందుకే 20,000 నుంచి లక్ష హెర్ట్జ్ మధ్యే సాధారణంగా పని. 50,000 హెర్ట్జ్ దగ్గర, అడ్డంగా 1,500 మీటర్ల వేగంలో, ఒక్కో తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. అంతకంటే బాగా చిన్న పురుగు రంధ్రం దీనికి చిక్కదు.

ఇంకో చిక్కు లెక్క వేస్తే బయటపడుతుంది. 30 సెంటీమీటర్ల గుండ్రటి దుంగను ధ్వని 200 మైక్రోసెకన్లలో దాటుతుందనుకుందాం. నడుమ 20 సెంటీమీటర్ల బోలు పడితే, ధ్వని దాని అంచు చుట్టి దాదాపు 37 సెంటీమీటర్ల దారిలో వస్తుంది. వేగం మారకపోతే పట్టే కాలం 246 మైక్రోసెకన్లే. దుంగ నడుమ ఇంత డొల్లైనా పెరిగింది నాలుగో వంతు లోపే! తడి వల్లా వేగం మారుతుంది. ఎండిన కర్రలో చెమ్మ పెరిగేకొద్దీ, దాదాపు 30 శాతం వరకు, ధ్వని నెమ్మదిస్తుంది. శ్రావణంలో వచ్చిన అంకెను వైశాఖపు అంకెతో పోల్చి దూలం కుళ్లిందని తేల్చడం పొరపాటు.

అందుకే ఎక్కడో పైన్ కర్రకు రాసిన వేగాల పట్టిక కంటే ఆ దూలమే దానికి సరైన కొలబద్ద అని నా అభిప్రాయం. నడిమధ్య గట్టి చోట ముందు కొలవాలి. అదే రోజు, నారకు అదే అడ్డ దిక్కున, గోడ వైపు జానెడు జానెడు జరుపుకుంటూ, చివరికి కొస చుట్టూ మట్టి కాస్త తీసి కొలవాలి. పట్టే కాలం ఎక్కడ ఎగబాకుతుందో అక్కడ నాలుగైదు దిక్కుల్లో మళ్లీ చూడాలి. తర్వాత వడ్రంగి సుత్తితో తట్టి, సుద్దముక్కతో గీత గీస్తాడు. ఆ గీత దాకా కోసి కొత్త టేకు ముక్క అతుకుతారు, మిగతా దూలం ఎక్కడిదక్కడే ఉంటుంది.