మీకు తెలుసా? గాల్లో పల్టీకి పగ్గం ఒంట్లోనే ఉంది!

బేగంబజార్‌లో కొన్న రెండు స్టీలు చెంబుల్లో బియ్యం నింపి, చేతికొకటి పట్టుకుని, తిరిగే కుర్చీలో కూర్చోండి. చేతులు చాచి, ఎవరితోనైనా మెల్లగా తిప్పించుకోండి. చెంబులు గుండెకు హత్తుకోగానే కుర్చీ జోరందుకుంటుంది, చాచితే నెమ్మదిస్తుంది. ఎన్నిసార్లు చూసినా అబ్బురమే!

మంచుకొండల మీద పల్టీలు కొట్టే స్కీ క్రీడాకారుల కిటుకూ ఇదే. తిరుగుడు ఊపు నేల వదిలే క్షణంలోనే ఖాయమవుతుంది. ఆపైన ముడుచుకుంటే వేగం, ఒళ్లు చాపితే నిదానం. పెద్ద జంప్‌లో గాల్లో ఉండే సమయం ఎక్కువ. చిన్న జంప్‌లో తిరిగినంత జోరుగా తిరిగితే పల్టీ ముగిశాక కూడా ఒళ్లు ఆగదు. అందుకే పెద్ద జంప్‌లో తక్కువ తిరుగుడు ఊపుతో లేచి, ఒళ్లు చాపి తిరుగుతారు.

ఇదే సూత్రంతో గాల్లో పల్టీ కొట్టి, మంచు ఊసే లేని మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్ వాల్ట్ విభాగంలో 13.649 పాయింట్లతో కాంస్యం గెలిచింది.