గాలిగొట్టంలో గడ్డ

దగ్గు పట్టింది. తెమడలో నెత్తురు జీర కనబడింది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మొదట టీబీ అనుకుంటారు. అనుకోవడం తప్పు కాదు. తెమడ పరీక్ష చేయించాల్సిందే. సర్కారు దవాఖానలో ఆ పరీక్షకు పైసలు తీసుకోరు.

కొందరికి టీబీ లేదని తేలుతుంది. అయినా నెత్తురు మళ్లీ పడుతుంది. ఛాతీలో ఒక పక్కనే పిల్లికూతలు వస్తాయి. ఒకే పక్క మాటిమాటికి నెమ్ము చేస్తుంది. అప్పుడు గాలిగొట్టంలో గడ్డ ఉందేమో చూడాలి.

గాలిగొట్టం గొంతు నుంచి ఛాతీలోకి దిగుతుంది. అక్కడ రెండు కొమ్మలవుతుంది. ఒక్కో కొమ్మ ఒక్కో ఊపిరితిత్తికి పోతుంది. కొమ్మలో గడ్డ పుడితే గాలి దారి బందవుతుంది.

బీడీ, చుట్ట తాగేవాళ్లకు క్యాన్సర్ గడ్డల భయం ఎక్కువ. కార్సినాయిడ్ అనే గడ్డ వేరు. అది నెమ్మదిగా పెరుగుతుంది. బీడీ ముట్టని పడుచువాళ్లకు కూడా వస్తుంది. దాన్ని ఉబ్బసం అనుకొని ఏండ్ల తరబడి మందులు మింగినవాళ్లున్నారు.

వెనుకట పెద్ద కొమ్మలో గడ్డ ఉంటే ఊపిరితిత్తినే తీసేసేవారు. ఒక్క తిత్తితో మనిషి బతుకుతాడు. కానీ మట్టి తట్ట ఎత్తితే దమ్ము వస్తుంది. రెక్కల కష్టంతో బతికే పాలమూరు కూలీకి అది చిన్న నష్టమా?

1947లో లండన్‌లో క్లెమెంట్ ప్రైస్ థామస్ అనే డాక్టరు వేరే దారి చూశాడు. రోగి వైమానిక దళంలో చేరిన యువకుడు. డాక్టరు గడ్డ ఉన్న గొట్టం ముక్కను మాత్రమే కోసి తీశాడు. మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టాడు. తిత్తి దక్కింది. బోరు పైపు ఒకచోట చెడితే లైనంతా పెరికేస్తామా? ఆ ముక్క కోసి అతికిస్తాం. ఇదీ అట్లాంటిదే.

అందరికీ ఇది కుదరదు. అదే డాక్టరు 1951లో ఇంగ్లండు రాజు ఆరో జార్జికి ఎడమ తిత్తి మొత్తం తీశాడు. రాజైనా సరే, గడ్డ ఉన్న తీరును బట్టే ఆపరేషన్.

ముందు సీటీ స్కాన్ తీస్తారు. కొసకు దీపం ఉన్న సన్నని గొట్టాన్ని ముక్కులోంచో నోట్లోంచో దించి గడ్డను చూస్తారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆపరేషన్ చేస్తుండగానే కోసిన అంచులను పరీక్షిస్తారు. గడ్డ మిగిలితే ఇంకొంచెం కోస్తారు. కొసలు అందకుంటే తిత్తి తీయక తప్పదు. ఇది ఊళ్లో జరిగే పని కాదు. హైదరాబాద్ పోవాలి. ఎర్రగడ్డలో ఛాతీ దవాఖాన, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి.

ఆపరేషన్ అయినంక దగ్గితే నొప్పి పుడుతుంది. అయినా దగ్గి తెమడ బయటికి తీయాలి. లేకుంటే కుట్టిన చోట అడ్డుపడుతుంది. అతుకు ఇరుకైందేమో అని కొన్నాళ్లకు డాక్టర్లు దీపం గొట్టంతో మళ్లీ చూస్తారు.