అడవికి అటెండెన్స్ ఎలా తీస్తారు?



మన హాస్టల్‌లో రాత్రి అటెండెన్స్ ఎలా తీస్తారో మీ అందరికీ తెలుసు. వార్డెన్ సార్ పేరు పిలుస్తారు, మనం "ప్రెజెంట్ సార్" అంటాం. మరి అడవిలో దుప్పి పేరు పిలిస్తే పలుకుతుందా? ఎమ్మెస్సీలో చేరి, అటవీ శాఖ అనుమతితో పాకాల అభయారణ్యంలో ఫీల్డ్ వర్క్‌కు వెళ్ళిన మొదటి రోజు మాకందరికీ వచ్చిన సందేహం ఇదే. మేము నేర్చుకున్నది మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

జనగామ వైపు నుండి వచ్చిన వారికి అడవి అంటే గుట్టలు, సర్కారు తుమ్మలే. కానీ మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో రెండు పెద్ద అభయారణ్యాలు ఉన్నాయి. ఒకటి వరంగల్, మహబూబాబాద్ జిల్లాల్లో విస్తరించిన పాకాల. దీని వైశాల్యం దాదాపు 860 చదరపు కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు ఇక్కడే ఉంది. రెండవది గోదావరి ఒడ్డున ఉన్న ఏటూరునాగారం. దీని వైశాల్యం దాదాపు 806 చదరపు కిలోమీటర్లు. 2016లో భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళిన ఈ ప్రాంతం, 2019 నుండి ములుగు జిల్లాలో ఉంది.

ఇంత అడవిలో ప్రతి చెట్టునూ లెక్కించడం ఎవరి తరమూ కాదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి నాలుగు మెతుకులు పట్టి చూసినట్లే ఇక్కడ కూడా. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల చదరాన్ని తాడుతో కొలిచి, నాలుగు మూలలా మేకులు కొడతాం. దీనిని క్వాడ్రాట్ అంటారు. అందులోని ప్రతి చెట్టు పేరు, ఛాతీ ఎత్తులో దాని చుట్టుకొలత రాసుకుంటాం. పొదలకు అందులోనే ఐదు మీటర్ల చదరం, గడ్డి మొక్కలకు ఒక మీటరు చదరం తీసుకుంటాం. చదరం ఎక్కడ వేయాలో మన ఇష్టం కాదు. చీటీలు తీసినట్లు ముందే స్థలాలు నిర్ణయించుకోవాలి. లేకపోతే అందరం నీడ ఉన్న చోటే చదరం వేస్తాం, ముళ్ళపొదల వైపు ఎవరూ వెళ్ళరు!

మరి ఎన్ని చదరాలు వేస్తే చాలు? మొదటి చదరంలో కనిపించినవన్నీ కొత్త జాతులే. పోను పోను కొత్తవి తగ్గుతాయి. ఎన్ని చదరాలు వేసినా కొత్త పేరు రావడం దాదాపు ఆగిపోతే, ఆ రకం అడవికి మన లెక్క సరిపోయినట్లే.

జంతువుల సంగతి వేరు. అవి ఒకచోట నిలవవు. అందుకని తెల్లవారుజామున రెండు కిలోమీటర్ల తిన్నని గీత వెంట చప్పుడు చేయకుండా నడుస్తారు. దీనిని లైన్ ట్రాన్సెక్ట్ అంటారు. దుప్పి గానీ, కణితి గానీ, మనుబోతు గానీ కనిపిస్తే సంఖ్యతో పాటు దూరం, కోణం రాసుకోవాలి. ఇక్కడే మన పదో తరగతి త్రికోణమితి పనికి వస్తుంది. దుప్పి 60 మీటర్ల దూరంలో, మన గీతకు 30 డిగ్రీల కోణంలో ఉందనుకోండి. సైన్ 30 అంటే సగం. కాబట్టి అది గీత నుండి 30 మీటర్ల పక్కన ఉన్నట్లు. గీతకు దూరమయ్యే కొద్దీ మన కంటికి చిక్కని జంతువులు పెరుగుతాయి. ఆ తప్పిపోయినవి ఎన్ని ఉంటాయో ఈ దూరాలను బట్టి అంచనా వేస్తారు.

చిరుత, ఎలుగుబంటి వంటివి పగలు కనిపించడం అరుదు. వాటికి పాదముద్రలు, పెంటికలు, చెట్ల మీద గోళ్ళ గీతలు ఆనవాళ్ళు. దారికి రెండు వైపులా కెమెరాలు కట్టి ఉంచితే, వేడి గల ప్రాణి కదలగానే అవే ఫోటో తీస్తాయి. మన వేలిముద్రల లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. కాబట్టి ఒకే పులిని రెండుసార్లు లెక్కించే పొరపాటు జరగదు. 2006 నుండి నాలుగేళ్ళకొకసారి దేశమంతటా జరుగుతున్న పులుల గణనకు ఈ పద్ధతులే ఆధారం.

ఇక మా పొరపాటు ఒకటి చెప్పాలి. వాగు ఒడ్డు చెట్టుకూ, గట్టు మీది చెట్టుకూ మేము పుస్తకంలో "మద్ది" అనే రాసుకున్నాం. మాకు దారి చూపిన కోయ తాత చూసి నవ్వాడు. "బిడ్డా, ఇది ఏరుమద్ది. పట్ట తెల్లగ, నున్నగ ఉంటది. అది నల్లమద్ది. దాని పట్ట మొసలి తోలు లెక్క పలిగి ఉంటది. రెండూ ఒక్కటెట్లయితయి?" అన్నాడు. నిజమే, మొదటిది టెర్మినాలియా అర్జున, రెండవది టెర్మినాలియా టొమెంటోసా. ఆ రోజు రాసిన పేజీలన్నీ కొట్టివేసి, మరునాడు ఆ చదరాలకు మళ్ళీ వెళ్ళాం. బడి ముఖం చూడని తాత మా లెక్కను దిద్దాడు. మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. మా నాయనమ్మలు తునికాకు ఏరారు, ఇప్పపూలు ఏరారు. వాళ్ళకు తెలిసినది చదువు కాదని ఇన్నాళ్ళూ అనుకున్నందుకు సిగ్గు పడ్డాం.

ఈ లెక్కలు ఎందుకని అడగవచ్చు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వచ్చిన పెనుగాలికి కొన్ని గంటల్లోనే దాదాపు 50,000 చెట్లు కూలిపోయాయి. అలాంటి చోట మళ్ళీ ఏ మొక్కలు వస్తున్నాయి, ఏవి రావడం లేదు అని తెలియాలంటే ముందు అక్కడ ఏమున్నాయో రాసి ఉండాలి. సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానంలోని పక్షులను సర్వే చేశారు కనుకనే ఈనాడు పోల్చి చూసుకునే వీలుంది. రాసి పెట్టకపోతే, పోయినదేదో కూడా మనకు తెలియదు.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి గ్రామానికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఊరిలోని చెట్లు, జంతువులు, పంటలు, మందు మొక్కలు, వాటి గురించి ఊరివారికి తెలిసిన విషయాలు అందులో రాయాలి. ఆ పని చేయగలవారు మన హాస్టల్ పిల్లలే. ఊరి పేరు తెలిసినదీ మనమే, పుస్తకంలోని పేరు నేర్చుకున్నదీ మనమే.

తమ్ముళ్ళారా, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకొని అవ్వ పక్కన కూర్చోండి. పొలం గట్టు మీది పది మొక్కల పేర్లు అడిగి, ఒక్కొక్కటి దేనికి పనికి వస్తుందో రాసుకోండి. అవ్వ చెప్పగలిగినప్పుడే రాసుకోవాలి. మన మొదటి సర్వే అదే.